ఎలక్ట్రిక్ కారులో లాంగ్ ట్రిప్: ఖర్చు నిజంగా తగ్గుతుందా? నడిపినవాళ్లే చెప్పండి

గేరులేనిబండి
కారు కొని ఏడాది దాటింది. ఊళ్లో తిరిగినంత కాలం రాజభోగమే. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫుల్లు, కరెంటు బిల్లులో తేడా కూడా పెద్దగా తెలియదు. మొన్న సెలవులకి ఇంటిల్లిపాదీ 800 కి.మీ. వెళ్లాం. కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం, 500 కి.మీ. హైవే మీద 110లో పోతుంటే 340 దాటలేదు. అదీ బ్యాటరీ వంద శాతం నుంచి సున్నా దాకా లెక్కేస్తే. సున్నా దాకా ఎవరు నడుపుతారు? దారిలో ఫాస్ట్ చార్జర్లకి కట్టినదంతా కూడితే పాత పెట్రోల్ కారు ఖర్చుకి కాస్త అటూ ఇటూగా తేలింది. పైగా మూడు గంటలు ఆలస్యం. మా బావమరిది పెట్రోల్ కారులో మా వెనకాల బయల్దేరి, మాకంటే ముందు చేరి, స్నానం కూడా చేసేసి గుమ్మంలో నిలబడి పళ్లికిలిస్తున్నాడు. అందరికీ ఇంతేనా, లేక తేడా ఎక్కడైనా ఉందా?

డీజిల్_దొర
ఇంతే. టాపిక్ మూసేయొచ్చు.

నిదానమే_ప్రధానం
దొరగారు వచ్చేశారు. ఎవరైనా ఎలక్ట్రిక్ అని టైప్ చేస్తే చాలు, ఈయన ఫోన్లో అలారం మోగుతుందనుకుంటా.

గేరులేనిబండి గారూ, 110 అన్నారు కదా, సగం జవాబు అక్కడే ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 90 నుంచి 120కి వెళ్తే వేగం పెరిగేది మూడో వంతే, గాలితో పెనుగులాట మాత్రం దాదాపు 1.8 రెట్లవుతుంది. నా కారు 90లో పోతే 100 కి.మీ.కి 15 యూనిట్లు తాగుతుంది. 120లో 21.

బ్యాటరీబాబాయ్
కంపెనీ చెప్పే 500 సంగతి. డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్షలో కారుని రోలర్ల మీద 30 నిమిషాలు తిప్పుతారు. మధ్యలో కాసేపు 131 దాకా తీసుకెళ్తారు గానీ మొత్తం మీద సగటు వేగం గంటకి 46.5 కి.మీ. మాత్రమే. గది ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. ఏసీ ఆఫ్. అంటే ఆ అంకె అబద్ధం కాదు, మీ హైవేకి సంబంధించింది కాదంతే. ఊళ్లో తిరిగేటప్పుడు 450 వస్తుందేమో చూడండి, వస్తుంది.

గేరులేనిబండి
వస్తుంది బాబాయ్, ఊళ్లో 450 పైనే వస్తుంది. కానీ లాంగ్ ట్రిప్ ఊళ్లో చెయ్యలేను కదా 😀

డీజిల్_దొర
90లో పోవడానికి కారెందుకు? వెనకనుంచి లారీ హారన్ కొడుతుంటే ఏం చెప్తారు, గాలి నిరోధం వర్గంలో పెరుగుతుంది సార్ అని చెప్తారా?

లెక్కలమాస్టారు
వేగంగా పోవాలా, నెమ్మదిగా పోవాలా అన్నది మీ ఓపికని బట్టి కాదు, దారిలో దొరికే చార్జర్ని బట్టి తేల్చుకోవాలి. నిదానం గారి అంకెలే తీసుకుంటాను. 100 కి.మీ. దూరానికి 90లో 67 నిమిషాలు, 120లో 50 నిమిషాలు. మిగిలింది 17 నిమిషాలు. అదనంగా ఖర్చయింది 6 యూనిట్లు. ఆ 6 యూనిట్లు తిరిగి ఎక్కించడానికి, చార్జర్ సగటున 100 కిలోవాట్లు (అంటే గంటకి 100 యూనిట్లు) ఇస్తే 4 నిమిషాలు కూడా పట్టదు. కాబట్టి గట్టిగా తొక్కండి, టైం కలిసొస్తుంది, డబ్బు కాస్త పోతుంది. అదే చార్జర్ 25 కిలోవాట్లే ఇస్తే 14 నిమిషాలకి పైనే పడుతుంది. అప్పుడు 120లో పోయి సాధించింది రెండు మూడు నిమిషాలు, పైగా అదనపు బిల్లు. 22 కిలోవాట్ల కింద అయితే వేగంగా పోయినవాడే వెనక చేరతాడు.

మీ దారిలో ఎలాంటి చార్జర్లు దొరికాయి?

గేరులేనిబండి
ఎక్కువగా 60 కిలోవాట్లవి మాస్టారూ. కారుకి తగిలించే గన్నులు రెండుండేవి. ఒంటరిగా ఉంటే 55 దాకా వచ్చేది. పక్కన ఇంకో కారు వచ్చి ఆగగానే 28కి పడిపోయేది. ఆ పక్కవాడు ఏసీ వేసుకుని లోపల హాయిగా నిద్ర.

చక్రధారి
అదే మీ మూడు గంటలు. రెండు గన్నుల చార్జర్ మీద 60 అని రాసుంటే మనిషికి 60 అని కాదు, ఇద్దరికీ కలిపి. కొత్తవాళ్లందరూ దీని దగ్గరే పడతారు.

ఇంకోటి. 350 కిలోవాట్లని బోర్డు చూసి ఆశపడొద్దు. సీసీఎస్ అనే రకం ఫాస్ట్ చార్జింగ్ గన్ను మామూలుగా 500 ఆంపియర్లకి మించి పంపదు. మీది 400 వోల్టుల కారయితే 500 ఇంటూ 400, అంటే 200 కిలోవాట్లే గరిష్ఠం. ఆ 350 సరుకంతా 800 వోల్టుల కార్లకి. పోర్షే టైకాన్ 2019లో మొదలుపెట్టింది, తర్వాత హ్యుందయ్ అయోనిక్ 5 లాంటివి వచ్చాయి. సరైన చార్జర్ దొరికితే దానికి 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాలని కంపెనీ చెప్తుంది. తమాషా ఏంటంటే 800 వోల్టుల కార్లు కొన్ని పాత 400 వోల్టుల చార్జర్ దగ్గరికెళ్తే మనకంటే నెమ్మదిగా ఎక్కించుకుంటాయి.

కిటికీసీటు
ఇదంతా చదివాక నాకు బస్సే బెటరనిపిస్తోంది.

లెక్కలమాస్టారు
ఇక డబ్బు సంగతి. ధరలు ఊరికో రకం, దేశానికో రకం కాబట్టి సూత్రం మాత్రం చెప్తాను. పెట్రోల్ కారు హైవే మీద లీటరుకి 15 కి.మీ. ఇస్తుందనుకోండి. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కి 6. అంటే ఒక లీటరు చేసే పనికి రెండున్నర యూనిట్లు కావాలి. మీ దగ్గర లీటరు పెట్రోల్ ధరని 2.5తో భాగించండి. ఫాస్ట్ చార్జర్ యూనిట్ ధర దానికంటే తక్కువుంటే మీరు గెలిచినట్టు, ఎక్కువుంటే ఓడినట్టు. పన్నులు, సర్వీస్ చార్జీలు అన్నీ కలిపి చూడాలి సుమా, యాప్‌లో పెద్దక్షరాల్లో కనిపించే ధర కాదు.

ఇప్పుడు మీ 800 కి.మీ. యూనిట్‌కి 6 చొప్పున 133 యూనిట్లు. ఇంట్లో ఫుల్ చేసుకుని 10 శాతం దాకా వాడితే, మీది 60 యూనిట్ల బ్యాటరీ అయితే, ఇంటి కరెంటు 54 యూనిట్లు. మిగతా 79 దారిలో. ఇంట్లో యూనిట్ ఒక రూపాయి, దారిలో మూడు రూపాయలు అనుకుందాం, లెక్క కోసం. 54 ప్లస్ 237, మొత్తం 291. అంతా ఇంటి కరెంటయితే 133తో పోయేది. అంటే మీరు రోజూ ఊళ్లో అలవాటుపడిన యూనిట్ ఖర్చుకి ఇది రెండింతలకి పైనే. బిల్లు చూసి గుండె ఆగినట్టయ్యింది అందుకే.

డీజిల్_దొర
మాస్టారూ, నా డీజిల్ హైవే మీద 20 ఇస్తుంది. అప్పుడు?

లెక్కలమాస్టారు
అప్పుడు 2.5 బదులు 3.3తో భాగించు నాయనా. ఎలక్ట్రిక్ గెలవడం ఇంకా కష్టం. లెక్కకి పక్షపాతం లేదు.

డీజిల్_దొర
ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

వోల్టేజ్_వదిన
స్క్రీన్‌షాట్‌తో పాటు ఇది కూడా పెట్టుకోండి దొరగారూ. మనం ఏడాదంతా చేసేది లాంగ్ ట్రిప్పులేనా? నేను ఆఫీసుకి, పిల్లల స్కూలుకి తిరిగేదే మొత్తం మీద నూటికి తొంభై వంతులు. ఆ తొంభైలో మిగిలేదాన్ని పక్కన పెట్టేసి, పండక్కి చేసే ఒక్క ప్రయాణం బిల్లు పట్టుకుని పెట్రోల్‌తో సమానం అంటే ఎలా? ట్రిప్ బిల్లు సమానంగా వచ్చినా ఏడాది బిల్లులో నేనే ముందుంటాను.

గేరులేనిబండి గారికి ఒక మాట. రాత్రి బస చేసేచోట చార్జింగ్ ఉందో లేదో చూసి గది తీసుకోండి. 7.4 కిలోవాట్ల ఏసీ చార్జర్ (ఇంటి కరెంటుతో నడిచే నెమ్మది రకం) ఎనిమిది గంటల్లో 59 యూనిట్లు ఇస్తుంది, మీ బ్యాటరీ మొత్తం. పడుకున్న టైంలో ఎక్కేదానికి ఎదురుచూపు లేదు, ధర కూడా సాధారణంగా హైవే రేటుకంటే తక్కువే. కాకపోతే గది బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగాలి. “చార్జింగ్ ఉంది” అని రాసి, తీరా వెళ్తే వాచ్‌మన్ గదిలో ఫ్యాను ప్లగ్గు చూపిస్తారు.

చక్రధారి
ఫ్యాను ప్లగ్గు 😂 ఆ మామూలు సాకెట్లో గంటకి రెండు మూడు యూనిట్లే. దానికి తోడు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలిస్తారు కొందరు. గంటల తరబడి అంత కరెంటు లాగితే వైరు వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఇంకా ప్రమాదం. దయచేసి వద్దు.

రెండుకార్లనాయుడు
వదినగారితో ఏకీభవిస్తా గానీ ఒక సవరణ. ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగినవాళ్లకే ఆ తొంభై వంతుల లెక్క. అపార్టుమెంట్‌లో పార్కింగ్ దగ్గర పాయింట్ ఇవ్వక, రోజూ బయట ఫాస్ట్ చార్జర్ మీదే బతికేవాడికి ఊళ్లోనూ లాభం లేదు, హైవేలోనూ లేదు. నా తమ్ముడి పరిస్థితి అదే. వాడికి కారు కొనొద్దని చెప్పాను, వినలేదు.

నా పద్ధతి వేరు. రోజువారీకి చిన్న బ్యాటరీ ఎలక్ట్రిక్. ఏడాదికి ఒకట్రెండుసార్లు దూరం పోవాలంటే పెట్రోల్ కారు అద్దెకి తీసుకుంటా. ఆ ఒకట్రెండుసార్ల కోసం పెద్ద బ్యాటరీకి లక్షలు పోసి, మిగతా ఏడాదంతా ఆ బరువు మోసుకు తిరగడం ఎందుకు?

నిదానమే_ప్రధానం
అద్దె కారులో డిపాజిట్ గొడవ, గీతల ఫొటోలు, పండగ రోజుల్లో డబుల్ రేటు... అవి లెక్కలో వేశారా నాయుడు గారూ?

రెండుకార్లనాయుడు
వేశాను. అయినా నాకు లాభమే. నెలనెలా దూరాలు తిరిగేవాడికి కాదు, అది ఒప్పుకుంటా.

బ్యాటరీబాబాయ్
చార్జింగ్ ఎప్పుడు ఆపాలో తెలిస్తే మూడు గంటల్లో ఒక గంట మిగిలేది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు వేగంగా తీసుకుంటుంది, నిండేకొద్దీ కారే వేగం తగ్గించుకుంటుంది. మీ కారులాంటి దాంట్లో, చార్జర్ సరిగ్గా ఉంటే, 10 నుంచి 80కి అరగంట. 80 నుంచి 100కి ఇంకో అరగంట, ఒక్కోసారి ఎక్కువే. అందుకని ఒకేచోట వంద చేసుకుని కూర్చోవడం కంటే 10 నుంచి 70, 80 దాకా రెండుసార్లు ఆగడం త్వరగా తేలుతుంది. దీనర్థం ఇంకోటి కూడా ఉంది: మీకు మొదటి మజిలీ 300 కి.మీ. వచ్చినా ఆ తర్వాత మజిలీలు 240 లోపే. బ్యాటరీలో 70 శాతమే వాడుతున్నారు కదా. ప్లాన్ వేసేవాళ్లు రెండో మజిలీకి కూడా 300 అనుకుని ఇబ్బంది పడతారు.

నార్వేకి చెందిన బ్యోర్న్ నీలండ్ అనే ఆయన యూట్యూబ్‌లో ఒక్కో కారునీ 1000 కి.మీ. నడిపి ఎంత సేపు పట్టిందో చూపిస్తాడు. బ్యాటరీ సైజు ఒక్కటే చూసి కారు కొనేవాళ్లు అవి చూడాలి. మధ్యరకం బ్యాటరీ అయినా గబగబా చార్జయ్యే కారు చాలాసార్లు పెద్ద బ్యాటరీవాడి పక్కనే నిలబడుతుంది.

నైట్‌డ్రైవర్
బాబాయ్ చెప్పింది చార్జర్ పనిచేస్తే. అసలు టెన్షన్ రేంజ్‌ది కాదు, చార్జర్‌ది. యాప్‌లో పచ్చగా “అందుబాటులో ఉంది” అని ఉంటుంది. రాత్రి పదకొండింటికి 12 శాతంతో అక్కడికెళ్తే స్క్రీన్ చీకటి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే “సార్, మా సిస్టంలో బాగానే చూపిస్తోంది” అంటాడు. నీ సిస్టంలో నా కారు నిలబెట్టుకోనా? చివరికి ఏసీ ఆపేసి, 60లో పాక్కుంటూ 30 కి.మీ. అవతలి చార్జర్‌కి చేరాను. 4 శాతం.

అప్పటినుంచి నా రూలు, 25 శాతం ఉండగానే ఆగుతా, ఒకే గన్ను ఉన్న స్టేషన్‌ని నమ్ముకోను, దాని తర్వాతి స్టేషన్‌కి చేరేంత ఎప్పుడూ ఉంచుకుంటా. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో నిన్నో మొన్నో ఎవరైనా చార్జ్ చేసినట్టు రాశారా అన్నది చూస్తా. పచ్చ రంగుని నమ్మను.

కిటికీసీటు
“నీ సిస్టంలో నా కారు నిలబెట్టుకోనా” – ఇది టీషర్ట్ మీద వేయించండి ఎవరైనా.

వోల్టేజ్_వదిన
నైట్‌డ్రైవర్ గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. చార్జర్లు చాలాచోట్ల పార్కింగ్ చివర, వెనక మూల, లైటు లేని చోట పెడతారు. పెట్రోల్ బంకులో ఐదు నిమిషాలు, చుట్టూ మనుషులు. ఇక్కడ అరగంట ఒంటరిగా కారులో కూర్చోవాలి. నేను, అమ్మ మాత్రమే వెళ్లేటప్పుడు చీకటి పడ్డాక ఆగాల్సిన స్టేషన్ ఫొటోలు ముందే చూసుకుంటాను. వెలుతురు, బాత్రూం, మనుషులు ఉండాలి. 50 కిలోవాట్లయినా పర్వాలేదు, 150 ఉన్న చీకటి మూల వద్దు. ప్లాన్ వేసే యాప్‌లకి ఈ లెక్క తెలియదు.

డీజిల్_దొర
ఇది మాత్రం నిజం. జోకు లేదు.

గేరులేనిబండి
వదినగారూ, బాత్రూం మాట బంగారం లాంటిది. మా నాన్నగారికి ప్రతి రెండు గంటలకీ ఆగాలి. చార్జర్ దగ్గర సౌకర్యం లేక వేరేచోట మళ్లీ ఆగాం. ఆ రెండో ఆగడాలన్నీ కలిపితే కూడా చాలా టైం.

ఇంకో మంట, యాప్‌లు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, అన్నింట్లో కనీసం ఇంత వేయాలని షరతు. ఇప్పుడు ఐదు వాలెట్లలో నా డబ్బు చిల్లరగా ఇరుక్కుని ఉంది.

చక్రధారి
యూరోపియన్ యూనియన్‌లో దీనికి రూలే పెట్టారు. 2024 ఏప్రిల్ 13 నుంచి కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆ పైన ఉన్న పబ్లిక్ చార్జర్లలో మామూలు బ్యాంకు కార్డుతో కట్టే ఏర్పాటు ఉండాలి. అన్నిచోట్లా అది వస్తే సగం గోల వదులుతుంది.

ధర చూసేటప్పుడు యూనిట్ లెక్కా, నిమిషం లెక్కా అన్నది కూడా చూడండి. నిమిషానికింత అని వసూలు చేసే చోట నెమ్మదిగా చార్జయ్యే కారుకి చుక్కలే. చార్జింగ్ పూర్తయ్యాక కారు తీయకపోతే పడే ఫైన్ వేరు. అది మాత్రం నేను సమర్థిస్తా. వంద శాతం అయ్యాక కూడా గన్ను పెట్టేసి భోజనానికి పోయేవాళ్లకి ఇంకా వేయాలి.

కొండమలుపు
ఎవరూ ఎత్తు గురించి మాట్లాడలేదు. మా దారిలో ఘాట్ రోడ్డు ఉంటుంది. మనుషులు, సామానుతో కలిపి రెండు టన్నుల కారు వెయ్యి మీటర్లు పైకెక్కడానికి, దూరానికి అయ్యేది కాక, అదనంగా 5.4 యూనిట్లు కావాలి. 60 యూనిట్ల బ్యాటరీలో 9 శాతం ఎగిరిపోతుంది, మ్యాపులో ఆ దూరం 25 కి.మీ. అనే కనిపిస్తుంది. దిగేటప్పుడు రీజెన్‌లో (స్పీడు తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీలో వేస్తుంది) అందులో సగానికి పైనే వెనక్కొస్తుంది గనక కంగారు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: కొండ మీద బస చేసి వంద శాతం నింపుకుని దిగకండి. నిండు బ్యాటరీలో రీజెన్ కరెంటుకి చోటుండదు, కాలు తీస్తే కారు ఆగదు, మలుపుల్లో భారమంతా మామూలు బ్రేకుల మీదే. 85 దగ్గర ఆపేస్తే దిగేటప్పుడు వచ్చే కరెంటుకి చోటుంటుంది.

రోడ్డుపిచ్చోడు
టాప్ మీద సామాను పెట్టె కట్టేవాళ్లు కూడా చదవండి. ఒకే రోడ్డు, ఒకే వేగం, పెట్టెతో వెళ్లి పెట్టె లేకుండా వచ్చాను. యూనిట్‌కి 6 ఇచ్చేది పెట్టెతో 5 చిల్లరకి పడింది. పెట్టె ఖాళీగా ఉన్నా అంతే, బరువు కాదు, గాలి. సామాను డిక్కీలో కుక్కండి, లేకపోతే చుట్టాల కారులో పంపండి. వాన రోడ్డు, ఎదురుగాలి కూడా గట్టిగానే తినేస్తాయి. చలి ప్రాంతాల్లో అయితే హీటరు, చల్లబడ్డ బ్యాటరీ కలిసి పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే లాగేయొచ్చు.

బ్యాటరీబాబాయ్
చలి మాటొచ్చింది కాబట్టి. చల్లటి బ్యాటరీ ఫాస్ట్ చార్జింగ్ తీసుకోదు, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం, ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే) రకం మరీ మొరాయిస్తుంది. చాలా కొత్త కార్లు చార్జర్ చేరేలోపే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటాయి. కానీ చార్జర్‌ని కారు సొంత మ్యాపులో గమ్యంగా పెడితేనే. ఫోన్ మ్యాపు చూసుకుంటూ పోతే కారుకి మీరెక్కడికి పోతున్నారో ఏం తెలుసు? వేడి ఎక్కువైనా ఇబ్బందే. 2018 నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ద్రవం లేదు, హైవే మీద ఒకే రోజు రెండోసారి ఫాస్ట్ చార్జింగ్ పెడితే వేగం పడిపోయేది. యజమానులు దానికి రాపిడ్‌గేట్ అని పేరే పెట్టారు.

డీజిల్_దొర
చూశారా, ఎండ పడదు, చలి పడదు, కొండ పడదు, గాలి పడదు. కారా, కొత్త అల్లుడా?

లెక్కలమాస్టారు
దొరా, 1888లో బెర్తా బెంజ్ అనే ఆవిడ ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి పెట్రోల్ కారు నడిపింది. ఓ వంద కి.మీ. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోహ్‌లో మందుల షాపులో లిగ్రాయిన్ అనే, పెట్రోల్ లాంటి ద్రావకం కొని పోసుకుంది. బంకులు లేవు మరి. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. నీ బండికీ అత్తారింటి అలకలన్నీ ఉండేవి.

డీజిల్_దొర
ఒప్పుకున్నా మాస్టారూ. అయితే 130 ఏళ్లు ఆగి కొంటా.

కొత్తకారు_ఇంకారాలేదు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. చార్జింగ్ అయ్యాక గన్ను ఊడి రాకపోతే ఏం చెయ్యాలి? వీడియోలో చూసి భయం పట్టుకుంది.

నైట్‌డ్రైవర్
ముందు యాప్‌లోనో స్క్రీన్ మీదో సెషన్ ఆపు తమ్ముడూ. తర్వాత కారు అన్‌లాక్ చెయ్యి. తాళం పడి ఉంటే గన్ను రాదు, తొంభై శాతం కేసులు ఇవే. అప్పటికీ రాకపోతే గన్నుని కాస్త లోపలికి నొక్కి పట్టుకుని మళ్లీ అన్‌లాక్ కొట్టి లాగు. కేబుల్ బరువుకి పిన్ను బిగుసుకుంటుంది, అందుకని ఇంకో చేత్తో కేబుల్‌ని పైకి ఎత్తి పట్టుకో.

చక్రధారి
దానికీ లొంగకపోతే చాలా కార్లలో చేత్తో లాగి విడిపించే చిన్న తాడు ఉంటుంది, ఎక్కువగా డిక్కీలో చార్జింగ్ మూత ఉన్న వైపు, లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ వెనకాల. కారు వచ్చిన రోజే మాన్యువల్లో ఆ పేజీ చూసి తాడు ఎక్కడుందో చేత్తో తడిమి పెట్టుకో. డిక్కీ నిండా సామాను సర్దేశాక వెతకడం నీ వల్ల కాదు. చార్జింగ్ నడుస్తుండగా మాత్రం దాన్ని లాగకు.

కొత్తకారు_ఇంకారాలేదు
థాంక్స్ అన్నా. డెలివరీ ఇచ్చేవాళ్లనే చూపించమని అడుగుతా.

వోల్టేజ్_వదిన
అడుగు, కానీ వాళ్లకీ తెలియకపోవచ్చు. మాకు చూపించినతను డిక్కీలో స్టెప్నీ కోసం వెతికాడు. మా కారుకి స్టెప్నీయే లేదు, పంక్చర్ కిట్టే. అది ఉందో లేదో కూడా చూసుకో.